నల్లమల గండిలో కృష్ణమ్మ

నేపథ్యం

నది కొండను కోసుకొని ప్రవహించే ఇరుకైన లోయను తెలుగువారు 'గండి' అంటారు. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నా నది సాగేచోట వెలసిన కోటకు గండికోట అనే పేరు ఆ విధంగానే వచ్చింది. చెరువుకట్ట తెగినా, కాలువగట్టు తెగినా రైతు వాడే మాట కూడా గండియే. ఒక గండి కంటికి పండుగ. మరొక గండి పంటకు ముప్పు. గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరపను, పత్తిని పండించే రైతుల బ్రతుకు నల్లమల అడవిలో కృష్ణానది కోసిన ఒక మహాగండితో ముడిపడి ఉన్నది. మైదానం నుండి ఆ గండి వరకు సాగే రహదారి ప్రయాణాన్ని వర్ణిస్తూ, ప్రకృతి సౌందర్యానికీ మానవుని అవసరానికీ గల సంబంధాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

మాఘమాసపు తెల్లవారుజామున గుంటూరు నుండి పడమరకు బయలుదేరిన యాత్రికునికి మొదట పలకరింపు కంటికి కాదు, ముక్కుకు అందుతుంది. మిరప ఘాటు గాలిలో తేలి వస్తుంది. గుంటూరు మిరప యార్డుకు బస్తాలు మోసుకుపోయే లారీలు, ట్రాక్టర్లు ఎదురవుతాయి. ఆసియా ఖండంలోని అతిపెద్ద మిరప విపణులలో అది ఒకటి. ఊళ్ళు దాటుతున్న కొలదీ పొలాల నడుమ కల్లాలు కనిపిస్తాయి. నేలమీద ఎర్రని తివాచీ పరచినట్లు పండుమిరప ఎండుతూ ఉంటుంది. తలకు గుడ్డ చుట్టుకొన్న స్త్రీలు వంగి తాలుకాయలను ఏరుతూ ఉంటారు. ప్రక్క చేలలో ఆఖరి విడత పత్తి తీత సాగుతూ ఉంటుంది. ఎరుపు, తెలుపు, వాటి క్రింద నల్లరేగడి - ఈ మూడు వర్ణాలే ఆ మైదానపు ముఖచిత్రం.

సత్తెనపల్లి, పిడుగురాళ్ళ దాటిన తరువాత నేల స్వభావం మారుతుంది. నల్లరేగడి పలుచబడి రాయి పైకి తేలుతుంది. ఇది పల్నాడు. పిడుగురాళ్ళ పరిసరాలలో సున్నపు బట్టీలు పొగలు చిమ్ముతూ ఉంటాయి. అతి ప్రాచీన కాలంలో ఈ ప్రాంతాన్ని ముంచిన సముద్రం అడుగున పేరుకొన్న పొరలే నేటి పల్నాటి సున్నపురాళ్ళు. దుర్గి గ్రామపు శిల్పులు ఆ రాతినే ఉలితో మలచి దేవతామూర్తులను చేస్తారు. కారంపూడి వద్ద నాగులేటి ఒడ్డు 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని స్ఫురణకు తెస్తుంది. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ నడయాడిన సీమ ఇది. మాచర్లలో చెన్నకేశవస్వామి ఆలయం, ఆ ప్రక్కనే చంద్రవంక ప్రవాహం యాత్రికునికి తొలి మజిలీ.

మాచర్ల దాటి సాగర్ వైపు సాగితే ఎత్తిపోతల ఎదురవుతుంది. మూడు వాగులు కలిసి చంద్రవంకగా మారి, సుమారు 70 అడుగుల ఎత్తు నుండి క్రిందికి దూకుతాయి. వానాకాలంలో ఆ హోరు దూరానికే వినిపిస్తుంది. మాఘమాసంలో నీటిధార సన్నబడి తెల్లని నూలుపోగుల వలె జారుతుంది. క్రింది మడుగు నుండి నీరు ఇరుకులోయ గుండా కృష్ణానదిని చేరుతుంది. పైనుండి చూచినపుడు రాతిపొరలు ఒకదానిపై ఒకటి పేర్చిన పుస్తకాల వలె కనిపిస్తాయి. కొండను నీరు ఏ విధంగా కోస్తుందో తెలుసుకొనడానికి ఎత్తిపోతల చక్కని తొలి పాఠం. నీరు బలంతో మాత్రమే రాతిని కోయదు. అది మోసుకొని వచ్చే ఇసుక, గులకరాళ్ళు రాపిడి పెడతాయి. పగుళ్ళలోనికి చొరబడి మెత్తని పొరలను తొలుస్తుంది. అడుగున ఆధారం కోల్పోయిన పై పొర విరిగి పడుతుంది. జలపాతం అంగుళమంగుళంగా వెనుకకు జరుగుతుంది. దానితోపాటు లోయ పొడవు పెరుగుతుంది.

అక్కడికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగర్ ఆనకట్ట ఉన్నది. నందికొండ వద్ద కృష్ణ కొండల నుండి బయటపడే తావును ఇంజనీర్లు ఇందుకు ఎన్నుకొన్నారు. ఈ ప్రాజెక్టు సాధనకై ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఎంతో కృషి చేశారు. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. వేలాది కూలీలు రాళ్ళను మోసి, పేర్చి నిలబెట్టిన ఈ కట్టడం రాతి ఆనకట్టలలో మహోన్నతమైనది. దీని ఎత్తు సుమారు 124 మీటర్లు, గేట్లు 26. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడివైపున జవహర్ కాలువ 203 కిలోమీటర్లు పయనించి గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో సుమారు 11 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఉద్దేశింపబడినది. ఉదయాన కల్లంలో కనిపించిన ఎర్రని మిరపకు, ఇక్కడి నీలిజలాలకు మధ్య గల బంధం ఈ కాలువయే. గండి నోట కట్టిన కట్ట మైదానానికి కడుపు నింపింది.

అయితే ఈ నిండుతనం వెనుక ఒక లోయ మునక ఉన్నది. ఆనకట్టకు ఎగువన కొండల నడుమ విశాలమైన లోయ ఉండేది. మూడవ, నాలుగవ శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడ వర్ధిల్లింది. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు దానిని పాలించారు. రాజకుటుంబానికి చెందిన శాంతిశ్రీ మహాచైత్యానికి దానాలు చేసినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. సింహళ బౌద్ధుల పేరున అచ్చట ఒక విహారం వెలసింది. కాలగర్భంలో కలిసిన ఆ నగరపు శిథిలాలను 1926లో ఎ.ఆర్. సరస్వతి వెలుగులోనికి తెచ్చారు. ఆ తరువాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వకాలు జరిపారు. ఆనకట్ట నిర్మాణం నిశ్చయమైన పిదప, నీరు రాకముందే సాధ్యమైనంత వెలికితీయాలని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్దయెత్తున త్రవ్వకాలు సాగాయి.

పోయే నగరాన్ని పూర్తిగా నిలపడం ఎవరికీ సాధ్యం కాలేదు. కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి, కొండపైనా, తీరాన ఉన్న అనుపు వద్దా తిరిగి నిర్మించారు. నీరు పెరిగి లోయను కప్పింది. నాగార్జునకొండ శిఖరం మాత్రం ద్వీపమై మిగిలింది. దానిపై వెలసిన ప్రదర్శనశాలకు నేడు యాత్రికులు లాంచీలో వెళుతున్నారు. అనుపులోని రంగస్థలపు మెట్లమీద కూర్చున్నవారు చప్పట్లు కొట్టి ప్రతిధ్వనిని విని ఆనందిస్తారు. ఆ మెట్లు మొదట ఉన్న చోటు నీటి అడుగున ఉన్నది. ఆ లోయలో శిథిలాలే కాదు, పల్లెలు కూడా ఉండేవి. ఇల్లు, పొలం, పూర్వుల సమాధులు విడిచి అక్కడి ప్రజలు వలస వెళ్ళారు. కుడిగట్టు కాలనీకి విజయపురి సౌత్ అని పేరు పెట్టడంతో ప్రాచీన రాజధాని పేరు నిలిచింది. కదలిపోయినవారి ఊళ్ళ పేర్లు అంతగా ఎవరికీ గుర్తు లేవు. పంటను అనుభవించేవారు ఈ ఋణాన్ని మరువరాదు.

మరునాటి ప్రయాణం నల్లమలలోనికి సాగుతుంది. మాచర్ల నుండి యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరితే మైదానం ముగుస్తుంది. దోర్నాల నుండి శ్రీశైలం దారి మలుపులు తిరుగుతూ కొండనెక్కుతుంది. ఇరువైపులా మద్ది, ఏగిస, వెదురు. మాఘ ఫాల్గుణాలలో ఆకురాల్చిన చెట్ల నడుమ మోదుగు పూలు నిప్పుకణికల వలె మెరుస్తాయి. ఇది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ క్రిందికి వచ్చిన ఈ అరణ్యం సుమారు 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో దేశంలోనే అత్యంత విశాలమైన పులుల రక్షిత ప్రాంతంగా పేరొందింది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడింది. నదికి ఈ గట్టున ఒక పేరు, ఆ గట్టున ఒక పేరు. పులికి మాత్రం రెండూ ఒకే అడవి.

ఈ దారిలో రాత్రివేళ వాహనాలను అనుమతించరు. తొందరలో ఉన్న ప్రయాణికునికి ఈ నియమం కష్టంగా తోచవచ్చు. కాని చీకటి పడిన తరువాత పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి నీటికై, ఆహారానికై దారి దాటుతాయి. వాహనపు దీపాల వెలుగు కళ్ళలో పడిన జంతువు నిశ్చేష్టమై నిలిచిపోతుంది. పగలు మనుష్యులు నడిచే బాట రాత్రి మృగాలది. ఒకే దారిని ఇరువురు వంతులవారీగా పంచుకొనే న్యాయం అది. దారిప్రక్కన కోతులకు తినుబండారాలు విసరడం కూడా దయ కాదు. విసిరిన తిండికి అలవాటుపడిన కోతి రహదారిని వదలదు. చివరకు చక్రాల క్రింద పడుతుంది. తిండితోపాటు పారవేసిన ప్లాస్టిక్ సంచి దుప్పి కడుపులో చేరి ప్రాణం తీస్తుంది.

శిఖరేశ్వరం దాటి శ్రీశైలం చేరి, ఆనకట్ట దాపున గట్టు అంచున నిలబడితే గండి సంపూర్ణ రూపంలో గోచరిస్తుంది. నిటారైన శిలాకుడ్యాలు. వాటి నడుమ చాలా లోతున కృష్ణ. నల్లమల గుండా సుమారు 130 కిలోమీటర్ల పొడవున, దాదాపు 200 మీటర్ల లోతున నది ఈ దారిని కోసుకొన్నది. అమెరికాలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు. 1919లో అది జాతీయ వనమైనది. దానితో పోల్చినపుడు నల్లమల గండి చిన్నదే. కాని వయస్సులో ఈ శిలలు తీసిపోవు. గ్రాండ్ కాన్యన్ పై అంచున ఉన్న సున్నపురాయి వయస్సు సుమారు 27 కోట్ల సంవత్సరాలు కాగా, నల్లమల కొండల గట్టిరాయి వంద కోట్ల సంవత్సరాలకు పైబడినది. భూమిమీద చెట్టుగాని, చేపగాని పుట్టకముందు పేరుకొన్న ఇసుకయే ఒత్తిడికి, వేడికి గురియై ఇంత కఠినమైన శిలగా మారింది. రాయి కఠినమైనది కనుకనే గోడలు కూలి పరచుకొనక నిటారుగా నిలిచాయి. నది విశ్రాంతి ఎరుగదు కనుకనే అంతటి రాయి దారి ఇచ్చింది.

నేడు ఈ గండిలో నది స్వేచ్ఛగా పరుగిడడం లేదు. 145 మీటర్ల ఎత్తున నిలిచిన శ్రీశైలం ఆనకట్ట ఎగువ నీటిని ఆపుతుంది. సాగర్ జలాశయం నిండినపుడు దాని వెనుక నీరు శ్రీశైలం ఆనకట్ట పాదం వరకు విస్తరిస్తుంది. కనుక యాత్రికుడు చూచేది గండి పై భాగం మాత్రమే. దాని పాదం నీటిలో ఉన్నది. పాతాళగంగ మెట్లు దిగి పడవలో అక్కమహాదేవి గుహల వైపు సాగేవారికి ఇరుప్రక్కల శిలాకుడ్యాలు తలపైకి వంగినట్లు తోస్తాయి. పడవ ఇంజను ఆపిన క్షణాన నిశ్శబ్దం ఎంత గాఢంగా ఉండగలదో తెలుస్తుంది.

ఈ కొండకోనలకు తరతరాలుగా కాపరులు చెంచులు. వారి గూడేలను పెంటలు అంటారు. దుంపలు, పండ్లు, తేనె వారి జీవనాధారాలు. తేనెటీగలు నిటారైన కొండచరియల మీద పెరలు పెడతాయి. చెంచు యువకుడు అడవి తీగలతో పేనిన తాడు పట్టుకొని, చరియ అంచు నుండి క్రిందికి దిగుతాడు. పైన ఆ తాడును కనిపెట్టి ఉండేవాడు అతని బావమరిది. చెల్లెలి పసుపుకుంకుమలు చల్లగా ఉండాలని కోరేవాడు తాడు వదలడనే నమ్మకం ఈ ఆచారానికి మూలం. పెర అంతటినీ కోయక కొంత ఈగలకు మిగల్చడం వారి నీతి. చదువు లేనివారని మైదానంలోనివారు తలచిన ఈ జనులే నేడు అటవీశాఖలో రక్షకులుగా పనిచేస్తూ పులి అడుగుజాడలను గుర్తిస్తున్నారు. అడవిలో వారికి గల పరిజ్ఞానం ఏ పుస్తకంలోనూ సంపూర్ణంగా లేదు. అయినా రేషను కోసం, వైద్యం కోసం, చదువు కోసం వారు మైళ్ళకొలది నడవవలసిన పెంటలు ఇంకా ఉన్నాయి. అడవిని చూచి ఆనందించేవారు అడవిని కాపాడేవారి కష్టాన్ని కూడా చూడాలి.

తిరుగు ప్రయాణం దోర్నాల నుండి మార్కాపురం మీదుగా సాగుతుంది. మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. ఒకప్పుడు తెలుగునాట ఎందరో పిల్లలు 'అ ఆ'లు దిద్దుకొన్న నల్లని పలక ఈ నల్లమల రాతిపొరల నుండి తీసినదే. సమీపాన కంభం చెరువు ఉన్నది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ గల సందును మూసి విజయనగర కాలంలో దానిని నిర్మించారు. 2020లో అది ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు పొందింది. ప్రాచీనులు కూడా గండిని చూచి నీటిని తలచారని ఈ చెరువు సాక్ష్యమిస్తున్నది.

అయినప్పటికీ పడమటి ప్రకాశం నేల దాహం తీరలేదు. సాగర్ కుడికాలువ ఈ మెట్టభూములను చేరలేదు. బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ అధికం. ఆ నీరు త్రాగి పండ్లు గారపట్టినవారు, ఎముకలు వంగినవారు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. వారి కోసమే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టును తలపెట్టారు. 1996లో దానికి శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుండి నల్లమల గర్భంలో దాదాపు 19 కిలోమీటర్ల పొడవుగల రెండు సొరంగాలను తవ్వారు. పైన పులులు తిరిగే అడవి క్రింద ఎక్కువ భాగం రాతిని యంత్రాలతో తొలిచారు. మొదటి సొరంగపు తవ్వకం 2021లో, రెండవది 2024లో పూర్తి అయినాయి. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల నడుమ గల మూడు గండ్లను మూసి జలాశయాన్ని ఏర్పరచారు. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, లక్షలాది ప్రజలకు త్రాగునీరు అందించడం దాని లక్ష్యం. ఇక్కడ కూడా కొన్ని గ్రామాలు ముంపు పరిధిలోనికి వచ్చాయి. సాగర్ లోయ నేర్పిన పాఠం ఇక్కడ పనికి రావాలి. నీరు నిలిపే ముందు ఊరు విడిచేవారికి నీడ చూపడం ధర్మం.

సాయంత్రానికి వాహనం తిరిగి మిరప చేలలో ప్రవేశిస్తుంది. కల్లంలో కాయను కుప్పచేసి పట్టా కప్పుతున్న రైతు కనిపిస్తాడు. కొండమీద వాన కురిస్తే అతనికి కాలువ పారుతుంది. అడవి పలుచబడితే వాననీరు నేలలో ఇంకక మట్టిని కోసుకొని జలాశయంలో పడుతుంది. పూడిక పెరిగిన కొలదీ జలాశయంలో నీటికి చోటు తగ్గుతుంది. ఆ లోటు మొదట తెలిసేది ఆయకట్టు చివరనున్న రైతుకే. అందువలన నల్లమలలో నరికిన చెట్టు నరికిన చోటనే ముగియదు.

కొండచరియపై వ్రేలాడే చెంచు యువకుని తాడు అతని బావమరిది చేతిలో ఉన్నది. మైదానపు పంట తాడు అడవి చేతిలో ఉన్నది. అడవి తాడు యాత్రికుని చేతిలో, రైతు చేతిలో, పాలకుల చేతిలో ఉన్నది. దానిని వదలకుండా పట్టుకొనడమే నల్లమల గండిని చూచి వచ్చినవారు చేయవలసిన పని.

అర్థాలు

విపణి = అంగడి, సంత
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
ఆయకట్టు = ఒక చెరువు లేక కాలువ క్రింద సాగయ్యే భూమి
శిలాకుడ్యం = రాతిగోడ
నిశ్చేష్టం = కదలిక లేనిది
పెర = తేనెపట్టు
మెట్ట = కాలువనీరు అందని భూమి
పూడిక = నీటి అడుగున పేరుకొన్న మట్టి

సంధులు

మహోన్నతము = మహా + ఉన్నతము - గుణసంధి
జలాశయము = జల + ఆశయము - సవర్ణదీర్ఘసంధి
అత్యంత = అతి + అంత - యణాదేశసంధి

సమాసాలు

కొండకోనలు - కొండయును, కోనయును - ద్వంద్వ సమాసం
నల్లరేగడి - నల్లనైన రేగడి - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మూడు వాగులు - మూడు సంఖ్యగల వాగులు - ద్విగు సమాసం
శిలాకుడ్యం - శిలతో ఏర్పడిన కుడ్యం - తృతీయా తత్పురుష సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నల్లమల గండికీ, గుంటూరు - ప్రకాశం మైదానాల పంటకూ గల సంబంధాన్ని వివరించండి.
2. నాగార్జునసాగర్ నిర్మాణం వలన కలిగిన లాభనష్టాలను పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. నీరు రాతిని కోసే విధానాన్ని తెలపండి.
2. దోర్నాల - శ్రీశైలం దారిలో రాత్రివేళ వాహనాలను ఎందుకు అనుమతించరు?
3. చెంచుల తేనె సేకరణలోని నమ్మకాన్ని, నీతిని వ్రాయండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'గండి' అనే పదానికి గల రెండు అర్థాలు ఏవి?
2. విజయపురి ఏ రాజుల రాజధాని?
3. కంభం చెరువు ఏ నదిపై ఉన్నది?
4. మార్కాపురం దేనికి ప్రసిద్ధి?

IV. స్వీయరచన
మీ ప్రాంతంలోని ఒక కొండను గాని, వాగును గాని, చెరువును గాని దర్శించి, దానిపై ఆధారపడినవారి జీవనాన్ని గురించి ఒక పుటకు మించకుండా వ్రాయండి.